జిగురు ఆరేదాకా

మా చిన్నప్పుడు... దేశ రాజధానిలో, సరోజినీ నగర్ సర్కారీ క్వార్టర్లో మా వెనక వరండా ఒక వేసవంతా విమానాల కార్ఖానా అయిపోయింది.

విమానమంటే ఎక్కి కూర్చునేది కాదు. మూరెడు రెక్కలది... రబ్బరు మెలి తిప్పి వదిలితే పంకా తిరిగి ఎగిరేది. నాన్నగారి ఆఫీసులో ఒక పెద్దాయన రిటైరవుతూ, తన కొడుకు విప్పకుండా వదిలేసిన పెట్టె నాకిచ్చారు. లోపల దూదంత తేలికైన బాల్సా కర్ర ముక్కలు, పల్చటి కాగితం ఒకే ఒక్క షీటు, ఒక నమూనా పటం. కోయడం, అతకడం అంతా మనమే చేసుకోవాలి.

పై అంతస్తులో ఆనందరావుగారుండేవారు. వాళ్లమ్మాయి శారద నా ఈడుదే. పెట్టె చూడ్డానికని కిందికి దిగింది... ఇక పైకి వెళ్తే భోజనానికే.

రెండు ట్రంకు పెట్టెల మీద పాత తలుపు చెక్క వేశాం. అదే బల్ల. నాన్నగారు గడ్డం గీసుకుని పడేసిన బ్లేడుకు ఒకవైపు గుడ్డ చుట్టాం. అదే కత్తి. ముక్కలు పటం మీదే పెట్టి అతకాలి కాబట్టి, దానికి జిగురు అంటకుండా పైన మైనం కాగితం పరవాలి. అప్పట్లో బ్రెడ్డు ఆ కాగితంలోనే చుట్టి అమ్మేవారు. దానికోసం రెండు వారాలు మా ఇంట్లో ఇడ్లీ అన్న మాట లేదు.

ఇక దండెం మీది క్లిప్పులన్నీ మా బల్ల మీదే ఉండేవి.

"ఒరేయ్ మూర్తీ, నీ విమానం సంగతి దేవుడెరుగు, ముందు నా చీరలు ఎగిరిపోతున్నాయిరా!" అని అమ్మ కేకలు.

"ఏక్ మినిట్ ఆంటీ... జిగురు ఆరగానే ఇచ్చేస్తాం" అనేది శారద.

ఆ ఏక్ మినిట్ అరగంట. ఆ రోజుల్లో జిగురు అంత నెమ్మది. క్లిప్పు పట్టని చోట ఒకరు ఇటు, ఒకరు అటు వేళ్లతో అదిమి కూర్చోవాలి. కదలకూడదు... ముక్కు దురద పెట్టినా సరే. చేసేదేమీ లేక మాట్లాడుకునేవాళ్లం.

అలాంటి ఒక అరగంటలోనే చెప్పింది.

"నాన్నకి భోపాల్ ట్రాన్స్‌ఫర్ అయింది. పదో తారీఖున సామాన్ల లారీ వస్తుంది."

అదిమి పట్టుకున్న నా చెయ్యి కదిలిందేమో...

"అరే, గట్టిగా పట్టుకో యార్! నేను వెళ్లేలోపు ఇది ఎగరాలి. సమఝా?"

ఏడో తారీఖుకు రెక్కల చట్రం తయారైంది. కాగితం గంజితో అతికించాం. బయట లూ... ఆ వడగాడ్పుకు వరండా అంతా దుమ్ము. కాగితం పాడవుతుందని ఒక తెలివైన పని చేశాను. రెక్కను లోపలికి తెచ్చి కూలర్ ముందు పెట్టాను. మాకు చల్లగా ఉంటే దానికీ బాగుంటుందనుకున్నాను. కూలర్లో వట్టివేళ్ల తడక మీంచి నీళ్లు కారుతూ ఉంటాయని, ఆ గాలి నిండా తడేనని తోచలేదు.

మధ్యాహ్నం నిద్ర లేచి చూస్తే రెక్క నూనెలో వేసిన అప్పడంలా మెలి తిరిగింది. కాగితం జారి చిరిగింది. ఇంకో షీటు లేదు.

శారద వచ్చి చూసింది. తిడుతుందనుకున్నాను.

"కూలర్ నీకు పెట్టాలి, బుర్ర కోసం" అంది. అంతే. పైకి వెళ్లిపోయింది.

తిరిగొచ్చినప్పుడు చేతిలో ఎర్ర పతంగ్ ఉంది. పోయిన ఆగస్టు పదిహేనున మా బ్లాకులో నలుగురు మగపిల్లల గాలిపటాలు కోసిన పతంగ్. ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. దాన్ని బల్ల మీద పెట్టి, తనే బ్లేడు అందుకుంది.

చట్రాన్ని తడిపి, సరిచేసి, గుండుసూదులతో బల్లకు బిగించాం. ఈసారి లూ మా పక్షం... గంటలో ఆరబెట్టేసింది. దాని మీద అతికించిన ఎర్ర కాగితం డప్పులా బిగుసుకుంది.

పదో తారీఖు పొద్దున్న లారీ వచ్చింది. బీరువా, మంచాలు, పైన పరుపు చుట్టలు ఎక్కాయి. మేమిద్దరం ఎదుటి పార్కులో ఉన్నాం. మొదటిసారి వదిలితే ముక్కు పైకెత్తి, ఆగి, వెనక్కి పడింది.

"శారదా! ఇక రా అమ్మా, టాక్సీ కూడా వచ్చేసింది!" అని ఆనందరావుగారు.

"ఏక్ మినిట్ నాన్నా!"

బరువుకని జడలోంచి పిన్ను తీసి విమానం ముక్కుకు గుచ్చింది. నేను రబ్బరు తిప్పాను. తను వదిలింది.

ఎగిరింది... నిజంగా ఎగిరింది. మా తలల మీదుగా, దండెం మీద చీరల మీదుగా వంపు తిరిగి, వెళ్లి వెళ్లి లారీలో పరుపుల మీద వాలింది. అమ్మ చప్పట్లు కొట్టింది. శారద గంతులేసింది. విమానాన్ని దింపేలోపే లారీ కదిలింది.

"అది నాతో వస్తోంది, నువ్వు ఏడువు!" అంటూ నవ్వుకుంటూ టాక్సీ ఎక్కింది. నేనూ నవ్వాను.

పన్నెండేళ్ల తర్వాత ఆ ఎర్ర రెక్కను పెట్టెలో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. మా అమ్మకు కోడలిగా.

ఆ రెక్క ఇప్పుడు నోయిడాలో మా ఇంటి గోడ మీద ఉంది. శారద పోయి రెండు చలికాలాలైంది.

మొన్న మా అబ్బాయి ఒక విమానం కిట్టు పంపించాడు. బాల్కనీలో బల్ల వేసుకున్నాను. ముక్కలన్నీ మిషన్ కోసినవే. జిగురు పది సెకన్లలో పట్టేస్తుంది. ఎవరూ పట్టుకోనక్కర్లేదు.

నేను మాత్రం బజారంతా తిరిగి ఆ పాత నెమ్మది జిగురే తెచ్చుకున్నాను...

మీ చిన్నప్పుడు జిగురు ఆరేదాకా అటువైపు పట్టుకుని కూర్చున్నదెవరు? చెప్పండి. వాళ్లు దగ్గరే ఉంటే, ముందు వాళ్లకు చెప్పండి.