టేపుతో కొలిచి తీసుకున్న ఇల్లు

ఇళ్ళు ఖాళీ చేయించడం నా వృత్తి. దౌర్జన్యంగా కాదులెండి. సామాను సర్ది, లారీకెక్కించి, కొత్త ఊళ్ళో దింపే కంపెనీలో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. ఎవరింట్లోనైనా అడుగుపెట్టి ఒక్కసారి చుట్టూ చూస్తే చాలు, ఎన్ని అట్టపెట్టెలు పడతాయో, బీరువా మెట్ల మీద ఏ మలుపులో ఇరుక్కుంటుందో చెప్పేస్తాను. నడుముకి కొలతల టేపు లేకుండా కనిపించను కనుక గోదాములో అందరూ నన్ను ‘టేపు’ అనే పిలుస్తారు. మొన్నమొన్నటిదాకా ఆ పేరంటే నాకు గర్వంగానే ఉండేది.

ఇది మా ఆవిడ కథ. ఆవిడే చెబితే బాగుండేది గానీ, ఆవిడకి తీరిక లేదు. తప్పు చేసినవాణ్ణి నేను కాబట్టి నేనే చెప్పడం న్యాయం కూడానేమో.

కంపెనీ వాళ్ళు పెద్ద నగరంలో కొత్త గోదాము తెరిచి నన్ను సూపర్‌వైజరుని చేశారు. ఇల్లు చూసుకోవడానికి ముందుగా నేనొక్కణ్ణే వెళ్ళాను. రెండు వారాల్లో పదకొండు ఇళ్ళు చూశాను. చూడడమంటే ఏమిటి, టేపు తీసి కొలవడం. గుమ్మం వెడల్పెంత, మెట్ల మలుపు దగ్గర మంచం తిరుగుతుందా, లారీ గేటు దాకా వస్తుందా, వస్తే వెనక్కి తిప్పుకోవడానికి చోటుందా. ఇల్లు చూపించే బ్రోకరు ఓపిక పట్టి పట్టి చివరికి, “సార్, మీరు కాపురం పెడతారా, లారీకి షెడ్డు వెతుకుతున్నారా?” అన్నాడు. పని తెలియని వాడని నవ్వుకున్నాను.

వాటిలో ఒక ఇల్లు కింది వాటాయే, ముందు గది నేరుగా వీధిలోకి తెరుచుకుంటుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ గది నిండా వెలుతురు. ఎదురుగా బడి. సందు ఇరుకు, లారీ రాదు. గుమ్మం కూడా కొలవకుండా వద్దనేశాను. 

నాకు నచ్చింది రెండో అంతస్తులో ఇల్లు. మెట్లు ఇంత వెడల్పు, గేటు ముందు లారీ దర్జాగా తిరుగుతుంది. ఇంటావిడ రిటైరైన టీచరమ్మ, కిందే ఉంటుంది. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, నన్ను నిలబెట్టే ప్రశ్నలు వేసింది.

“ఎంతమంది?”

“ముగ్గురం అండి. మా ఆవిడ, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి.”

“మీ ఆవిడేం చేస్తుంది?”

“ఏమీ చేయదండీ. ఇంట్లోనే ఉంటుంది.”

టీచరమ్మ సంతృప్తిగా తలూపి ఒప్పందంలో రాసింది: కుటుంబం ఉండడానికి మాత్రమే. ఇంట్లో ఏ పనీ వ్యాపారమూ నడపకూడదు. బయటివాళ్ళ రాకపోకలు ఉండకూడదు. నేను గబగబా సంతకం పెట్టేశాను. అప్పటికి నా మనసంతా మెట్ల మీదే ఉంది.

మా ఆవిడ పద్నాలుగేళ్ళుగా నలుగురికీ బట్టలు కుడుతోంది. పిల్లల స్కూలు బట్టలు, గౌన్లు, ప్యాంట్ల పొడుగు తగ్గించడం, బిగుతైనవి విప్పి వదులు చేయడం. పాత ఊళ్ళో మా ముందు గది ఎప్పుడూ ఎవరో ఒకరితో కళకళలాడుతుండేది. సాయంత్రం నేను వచ్చేసరికి కుర్చీ మీద గుడ్డలుంటే విసుక్కుని పక్కకి నెట్టి కూర్చునేవాణ్ణి. ఊరు వదిలేముందు వారం రోజులూ ఒకరి వెనక ఒకరు వచ్చి, “ఇక మాకెవరు కుడతారమ్మా?” అని ఆవిడ చేతులు పట్టుకున్నారు. సర్దుడుకి అడ్డమొస్తున్నారని నేను రుసరుసలాడాను. కుట్టుమిషను తల విప్పి, దుప్పట్లో చుట్టి, జాబితాలో నా చేత్తోనే రాశాను: ఇరవై ఏడో నంబరు, ఇనుప సామాను, బరువు.

కొత్త ఇంట్లో ఒక్క గీత పడకుండా సామానంతా లోపలికి వచ్చింది. బీరువా వెన్నలా జారుకుంటూ వెళ్ళింది. “చూశావా ఇల్లు?” అన్నాను మీసం తిప్పుతూ. మా అమ్మాయి కిటికీలన్నీ తిరిగొచ్చి, “నాన్నా, బీరువాకి బాగా నచ్చినట్టుంది” అంది. మా ఆవిడ నవ్వింది. అదే చివరిసారి ఆ వారానికి.

ఆవిడ మిషను కిటికీ పక్కన పెట్టుకుంది. నాలుగో రోజున ఎదురింటి ఆవిడ వాళ్ళ పిల్లాడి నిక్కరు తెచ్చింది, ఆ మర్నాడు ఇంకో ఇద్దరు వచ్చారు. ఆదివారం పొద్దున్న టీచరమ్మ ఒప్పందం కాగితం చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

“మిషను చప్పుడు వినిపిస్తోంది. మెట్ల మీద జనం. ఏమ్మా, మీ ఆయన నువ్వేమీ చెయ్యవని చెప్పాడే?”

మా ఆవిడ చేతిలో కత్తెర అలాగే ఉంది. తిరిగి నా వంక చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా గోడ వంక చూశాను.

“ఆయన చెప్పింది నాకు తెలియదండీ. కాగితంలో అలా ఉంటే ఈ రోజు నుంచి కుట్టను” అంది. అంత మర్యాదగా అంటుంటే వినడం కన్నా నాలుగు తిట్లు తినడం నయం.

టీచరమ్మ వెళ్ళాక మిషను మీద గుడ్డ కప్పింది. ఎదురింటికి వెళ్ళి నిక్కరు తిరిగిచ్చేసి వచ్చింది. అప్పుడు అడిగింది, గొంతు పెంచకుండానే.

“ఇల్లు దొరకదని అబద్ధమాడారా?”

నేను నడుముకున్న టేపు కొస లాగి మళ్ళీ వదిలాను.

“అబద్ధమైతే నాకేం బాధ లేదండీ. అవసరానికి ఆడారనుకుంటాను. లేక మీకు నిజంగానే నేనేమీ చెయ్యననిపించిందా?”

అబద్ధమే ఆడానని ఆ క్షణంలో ఒక అబద్ధం చెబుదామనుకున్నాను. నాలుక తిరగలేదు. టీచరమ్మతో ఆ మాట అన్నప్పుడు నాకు ఏ దురాలోచనా లేదు. ఆలోచనే లేదు. నీ భార్య ఏం చేస్తుందంటే పద్నాలుగేళ్ళ పని నా బుర్రలోకే రాలేదు. ఇంత సిగ్గుచేటు ఇంకోటుంటుందా? ఊళ్ళో వాళ్ళ ఇళ్ళలో చెంచాలతో సహా జాబితా రాసేవాణ్ణి, నా ఇంట్లో మనిషిని రాయడం మరిచిపోయాను.

తర్వాత పది రోజులూ ఆవిడ ఇల్లు తుడిచిందే తుడిచింది. మధ్యాహ్నాలు ఊరికే కిటికీ దగ్గర కూర్చునేదని మా అమ్మాయి చెప్పింది. “అమ్మకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు నాన్నా” అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు వీధిలోకి తెరుచుకునే ఆ ఇంటి కోసం పరుగెత్తాను. ఎవరో చేరిపోయారు. అప్పటికే తలుపు పక్కన పూలకుండీలు కూడా పెట్టేసుకున్నారు.

ఇక టీచరమ్మ కాళ్ళు పట్టుకోవడమే మిగిలింది. గోదాము నుంచి అటే వెళ్ళి, గుమ్మంలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను.

“అప్పుడు ఏమీ చేయదన్నావు. ఇప్పుడు పద్నాలుగేళ్ళంటున్నావు. ఏది నమ్మమంటావు?”

“రెండోదే అండి. మొదటిది నా తెలివితక్కువతనం.”

“మొగుడివి, నీకే తెలియకపోతే నాకేం తెలుస్తుందయ్యా ఆవిడ పనితనం?” అంటూ కళ్ళజోడు పైకి తోసుకుని నా చొక్కా వంక చూసింది. మా కంపెనీ యూనిఫారానికి గుడ్డ ఇస్తుంది, కుట్టించుకోవడం మా వంతు. “ఇదెవరు కుట్టారు?”

“మా ఆవిడేనండి.”

దగ్గరికొచ్చి భుజం మీద కుట్టు వేలితో తడిమి చూసి ఆగింది. “ఇక్కడింత మందంగా ఉందేమిటి? లోపల ఏం పెట్టింది?”

కాలరులోంచి చెయ్యి పెట్టి చూసుకున్నాను. కుడి భుజం కింద మెత్తటి పాతగుడ్డ, నాలుగైదు మడతలు, దగ్గర దగ్గరగా సన్నటి కుట్లు. రోజూ తొడుక్కునే చొక్కా అది. నాకు తెలియదు.

“ఎందుకు పెట్టింది?”

“తెలియదండీ.”

“నువ్వేం పని చేస్తావు?”

“సామాను మోస్తా...” అని ఆగిపోయాను.  మావాళ్ళంతా బీరువా ఎత్తేముందు భుజం మీద తువ్వాలు మడిచి వేసుకుంటారు. నేనేనాడూ వేసుకోలేదు. “నాది ఇనుప భుజంరా!” అని ఇన్నేళ్ళూ వాళ్ళ ముందు చరుచుకుని మరీ చూపించాను.

టీచరమ్మ లోపలికెళ్ళి ఒప్పందం కాగితం తెచ్చింది. పాత షరతు కొట్టేసి, పది నుంచి అయిదు దాకా ఆడవాళ్ళు, పిల్లలు రావచ్చని రాసింది. కలం నాకివ్వలేదు. “దీనికి నీ సంతకం పనికిరాదు. ఆవిడ చేత పెట్టించుకురా” అంది.

మెట్లెక్కుతుంటే, ఆ వెడల్పాటి మెట్ల మీద ఎటు చూసి నడవాలో తెలియలేదు. మా ఆవిడ కాగితం రెండుసార్లు చదివి సంతకం చేసింది. మిషను మీది గుడ్డ తీసి, చక్రం చేత్తో ఒకసారి తిప్పి చూసుకుంది. ఆ ముఖంలోకి ప్రాణం వచ్చింది. అది నన్ను చూసి కాదని నాకు తెలుసు.

“ఈ భుజంలో గుడ్డ...” అన్నాను. “ఎప్పటినుంచి?”

“పెళ్ళయిన కొత్తలో భుజం పుండు పడింది కదా, అప్పటినుంచి.”

“నాకు చెప్పలేదేం?”

“చెప్పానండీ. చొక్కా ఎందుకింత బరువుంది, సరిగ్గా కుట్టడం చేతకాదా అన్నారు. తర్వాత చెప్పడం మానేశాను.”

నాకు గుర్తు కూడా లేదు. అన్నానంటే అనే ఉంటాను.

ఆవిడ దారం ఎక్కిస్తూ, కోపమేమీ లేకుండా, పని సంగతి చెబుతున్నట్టే అంది. “ఇప్పుడు సూపర్‌వైజరు కదా, మోసేదేం లేదు. ఈసారి కంపెనీ గుడ్డ ఇచ్చినప్పుడు అది లేకుండానే కుడతాను. చొక్కా తేలిగ్గా ఉంటుంది.”

ఉంచమని అడగాలనిపించింది. ఏ ముఖం పెట్టుకుని అడగను?

“సరే” అన్నాను.