టవలు ఎగిరింది, మీసం రాలింది

ఈ కాలం పిల్లలకు చెబితే నమ్మరు గానీ, నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో వాకాడులో ఎవరికీ ఏ విషయంలోనూ అనుమానం ఉండేది కాదు. తెలియని విషయాల్లోనైతే అసలే ఉండేది కాదు. బాక్సింగ్ పోటీ అన్నదాన్ని మాలో ఒక్కడు కూడా కళ్ళతో చూసి ఎరగడు. నాలుగు మూలలున్న అరుగును పట్టుకుని రింగు అని ఎందుకంటారో చెప్పగలిగినవాడు సముద్రం దాకా వెతికినా దొరకడు. అయినా సరే, ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్లందరిలో గొప్పవాడెవడన్న సంగతి మా బస్టాండు పక్క సెలూన్లో తేలినంత గట్టిగా అమెరికాలో కూడా తేలి ఉండదు. (తేలడమంటే రోజూ మధ్యాహ్నం తేలేది, మర్నాడు పొద్దున్నే మళ్ళీ మునిగేది.)

ఇదంతా సెలూన్ అన్న చేసిన పని. ఆయన మద్రాసు హార్బరు దగ్గర పదేళ్ళు కత్తి పట్టి వచ్చినవాడు. ఒకసారి ఒక బాక్సర్‌కు గడ్డం గీశాననీ, ఆ దవడ మీద మూడు కత్తులు మొండిబారిపోయాయనీ చెప్పేవాడు. వచ్చేటప్పుడు ఇంగ్లీషు పత్రికల్లోంచి కత్తిరించిన ఛాంపియన్ల బొమ్మలు తెచ్చి అద్దం చుట్టూ అంటించాడు. వాళ్ళ అసలు పేర్లు పలకబోతే నాలుక మడతపడేది కాబట్టి మేమే పేర్లు పెట్టుకున్నాం. దగ్గర దగ్గర పన్నెండేళ్ళు పట్టం వదలని మహానుభావుడు ‘పన్నెండేళ్ళాయన’. ఒక్క పోటీ కూడా ఓడకుండా ఆట మానేసినవాడు ‘ఓడనాయన’. అప్పటి ఛాంపియన్, చూపుతోనే ఎదుటివాడిని సగం చంపేవాడు, ‘ఎలుగు’. పన్నెండేళ్ళాయన పక్షం సెలూన్ అన్నది. చేతిలో కత్తి ఉన్న మనిషితో, మెడ చాచి కూర్చున్నవాడు ఎవడు మాత్రం వాదిస్తాడు? ఒక పెళ్ళికొడుకు కుర్చీలో కూర్చుని ‘ఓడనాయన కూడా తక్కువోడేం కాదన్నా’ అన్న పాపానికి, ఆ వాదం ముగిసేలోగా ముహూర్తం దగ్గరపడి, ఒక బుగ్గ నున్నగా ఇంకో బుగ్గ గరుగ్గా పీటల మీద కూర్చున్నాడని ప్రతీతి.

ఈ సభలో నా పదవి చాలా పెద్దది. నేను సమితి ఆఫీసులో టైపిస్టును. నిమిషానికి నలభై ఐదు ఇంగ్లీషు మాటలు కొట్టేవాణ్ణి. (ఆ నలభై ఐదింటిలో ఐదింటికి అర్థం తెలుసు. తక్కినవన్నీ నా వేళ్ళకు మాత్రమే తెలుసు.) ఆఫీసుకు వచ్చే ఇంగ్లీషు పేపరును బీడీవో గారి బల్ల ఎక్కకముందే చంకలో పెట్టుకుని సెలూన్‌కు పోయి, ఆటల పేజీని తెలుగులో చదివి వినిపించేవాణ్ణి. అందుకు సెలూన్ అన్న నాకు ఉచితంగా క్రాపు చేసేవాడు. అంతకంటే పెద్ద లాభం ఇంకొకటి ఉంది. ఆ సభకు పెద్ద అయిన మీసాల మామ తన ఇంటి ముందుగది నాకు ఇచ్చి, పూటపూటా అత్త చేతి చేపల పులుసు పెట్టించేవాడు. మామకు సముద్రంలో రెండు పడవలు, మూతి మీద రెండు మీసాలు. పడవల సంగతి అటుంచితే, మీసాలను మాత్రం ఆముదం రాసి, మెలిపెట్టి, ముప్పై ఏళ్ళుగా పెంచుకుంటూ వచ్చాడు. ఒడ్డునున్నవాళ్ళు దూరాన పడవ కనబడగానే ముందు మీసాన్ని చూసి, తర్వాత తెరచాపను చూసేవారు.

అటువంటి మామకు ఉన్నట్టుండి ఒక కొత్త కుర్రాడు నచ్చాడు. ఎలుగు మీదికి పోటీకి వస్తున్నవాడు. రింగులో చేతులెంత ఆడతాయో బయట నోరంత ఆడుతుంది, అందుకని మేం పెట్టిన పేరు ‘వాగుడుకాయ’. మామ మాత్రం ఆ పేరు ఒప్పుకోలేదు. “వాగుడేందబ్బయా? ఫలానా రౌండులో పడగొడతానని ముందే చెప్పి మరీ పడగొడతాడంట. వల వెయ్యకముందే ఎన్ని చేపలు పడతాయో చెప్పే మొగోడు మన రేవులో ఒక్కడన్నా ఉండాడా? నువ్వే చెప్పు!” అని ఆ కుర్రాడి బొమ్మను చూసి, సొంత కొడుకును చూసినట్టు మురిసిపోయేవాడు.

దానికి అడ్డుపడినవాడు మిషన్ ఆసుపత్రి కాంపౌండర్ గారు. ఆయనకు నుదుటి మీద మూడు మెలికల గిరజాలు ఉండేవి. ఆదివారం చర్చిలో ఆయన మోకరిస్తే, ముందు గిరజాలు మోకరించి తర్వాత ఆయన మోకరించేవాడని మా నమ్మకం. ఆయనది ఎలుగు పక్షం.

“పెద్దన్నా, ఎలుగు అంటే ఎవరనుకున్నావు? గొల్యాతు! సాక్షాత్తూ గొల్యాతే. పిల్లోడు ఒక్క గుద్దుకు పోతాడు.”

మామ మీసం సవరించుకున్నాడు. “కాంపౌండర్ గారూ, నాకు తెలవక అడగతా. మీ బైబిల్లో ఆ గొల్యాతు గెలిచినాడా, పిల్లోడు గెలిచినాడా?”

గొర్రెలు కాచే పిల్లోడు ఒక్క వడిసెల రాయితో గొల్యాతును పడగొట్టిన కథ మా అందరికీ తెలుసు. సెలూన్ మొత్తం గొల్లుమంది. కాంపౌండర్ గారి గిరజాలు మూడూ నిలబడ్డాయి. “అది దేవుని కార్యం! ఇది బాక్సింగు!” అని అరిచి, ఆ ఊపులోనే, “పిల్లోడు గెలిస్తే ఈ గిరజాలు తీయిస్తా. ఎలుగు గెలిస్తే నీ మీసం తీయిస్తావా?” అన్నాడు. మామ ఒక చేత్తో మీసం పట్టుకుని, రెండో చెయ్యి చాచాడు. “పట్టు!”

పోటీ అయిందని తెలిసింది గానీ ఫలితం తెలియలేదు. పంచాయతీ రేడియోకు బ్యాటరీ అయిపోయి నెలయింది. ఇక దిక్కు గూడూరు బస్సులో వచ్చే పేపరు. ఆ పేపరు తెచ్చే కండక్టరు దారిలో వడలు కొని, చేతికి దొరికిన కాగితం చించి పొట్లం కట్టుకున్నాడు. ఆ చింపుడుకు ఆటల పేజీ పైసగం, పెద్దక్షరాలతో సహా, వడలతో పోయింది. నాకు దక్కింది అడుగున ఒక పొడుగాటి వరస. సెలూన్లో కాలు పెట్టే చోటు లేదు. నేను గొంతు సవరించుకుని చూస్తే, నా ఐదు మాటల్లో ఒక్కటీ ఆ వరసలో లేదు. చివరికి దేవుడు చూపినట్టు, తెలుగులో కూడా వాడుకునే ఛాంపియన్, కార్నరు, టవలు అన్న మాటలతో ఒక వాక్యం కనబడింది. ఛాంపియన్ మూలలో ఉన్న అతని మనుషులు టవలు విసిరారట.

ఇంకేం కావాలి? మా వైపు ఎడ్ల పందేల్లో గానీ కబడ్డీలో గానీ గెలుపు తేలగానే, గెలిచినవాళ్ళ మనుషులు భుజం మీది టవలు తీసి గాల్లోకి విసిరేస్తారు. అది పాలు తాగే బిడ్డకు కూడా తెలిసిన విషయం. నేను పేపరు మడిచి, తీర్పు చెప్పే జడ్జిలాగా ప్రకటించాను. “ఎలుగు మనుషులు టవళ్ళు ఎగరేసినారు. ఎలుగే గెలిచినాడు.”

మామ లేచాడు. పోయి కుర్చీలో కూర్చున్నాడు. సెలూన్ అన్న కత్తి కింద పెట్టాడు. “పెద్దన్నా, కొనలు మాత్రం తీసి సరిపెడతా. ఎవురికి తెలస్తాది?” అన్నాడు. “నాకు తెలస్తాది. గియ్యి,” అన్నాడు మామ. గెలిచిన కాంపౌండర్ గారు అద్దం వైపు చూడలేక బస్సు టైము పట్టిక చదువుతూ నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళ మీసం రెండు నిమిషాల్లో పోయింది. దాని కింద నుంచి ఎండ తగలని పెదవి, పసిపిల్లాడి పెదవి, తెల్లగా బయటపడింది. మామ ఇంటికి పోతే సొంత కుక్క మొరుగుతూ వెంటబడింది. అత్త కొంగు తలమీదికి లాక్కుని, “ఆయన ఇంట్లో లేడండీ, మళ్ళీ రాండి,” అంది. ఆ పూట పులుసులో ఉప్పు లేదు. ఎవరూ అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం సెలూన్లో మామ ఒక మూల కూర్చుని ఉండగా, కాంపౌండర్ గారు దూసుకుంటూ వచ్చి తిన్నగా కుర్చీ ఎక్కాడు. “కత్తెర తియ్యన్నా. మొత్తం తియ్యి.”

“ఏందండీ ఇది?” అన్నాడు సెలూన్ అన్న.

“మా డాక్టరమ్మను అడిగినా. బాక్సింగులో టవలు విసిరితే గెలిచినట్టు కాదంట. ‘మావాడి వల్ల కాదు, చాలించండి’ అని అర్థమంట. తర్వాతి రౌండుకు గంట కొట్టినా ఎలుగు స్టూలు మీద నుంచి లేవనే లేదంట. పిల్లోడే గెలిచినాడు.”

సెలూన్లో ఉన్న కళ్ళన్నీ నా మీదికి తిరిగాయి. నాకు ఉద్యోగం, క్రాపు, ముందుగది, చేపల పులుసు వరసగా కళ్ళ ముందు కదిలి, పులుసు దగ్గర కాసేపు ఆగాయి. మామ లేచాడు. వల లాగి లాగి తాటిమొద్దుల్లా తేలిన ఆ చేతులు నా వైపే వస్తున్నాయి. అంతకాలం ఛాంపియన్ల గురించి అంత చదివినవాణ్ణి కదా, రెండు పిడికిళ్ళూ ముఖానికి అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఆ చేతులు నా భుజాలు పట్టుకుని ఊపాయి.

“గెలిచినాడా? నా పిల్లోడు గెలిచినాడా అబ్బయా?”

“గెలిచినాడంట మామా. నన్ను మన్నించు. నీ మీసం...”

“మీసం సంగతి ఇప్పుడెందుకు రా! గెలిచినాడా లేదా, అది చెప్పు!”

చెప్పాను. మళ్ళీ చెప్పమన్నాడు. ఐదుసార్లు చెప్పాక భుజం మీది టవలు తీసి సెలూన్ కప్పు తగిలేలా ఎగరేశాడు. అది వచ్చి ఎలుగు బొమ్మ మీద పడింది. కాంపౌండర్ గారి వైపు తిరిగి, “ఒద్దు సామీ, గిరజాలు ఉండనీ. నాది పొరపాటున పోయింది గానీ మీది ఎందుకు?” అన్నాడు. “పొరపాటున పోయినా పోయింది కదా పెద్దన్నా, నువ్వు మాట నిలబెట్టుకున్నావు,” అని కాంపౌండర్ గారు సెలూన్ అన్న చేతిని తానే పట్టి తల మీదికి లాక్కున్నాడు. కాసేపటికి ఆ ఇద్దరూ, ఒకరు బోడిమూతితో, ఒకరు బోడినుదురుతో, ఒకే అద్దంలో చూసుకుని కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వారు. ఛాంపియన్లను చాలామందిని బొమ్మల్లో చూశాను గానీ, అంత దగ్గరగా ఇద్దరిని చూడటం అదొక్కసారే.

మామ మళ్ళీ మీసం పెంచలేదు. “ఛాంపియన్‌కు ఉండాదా?” అనేవాడు. ఊళ్ళోవాళ్ళు మాత్రం మీసాల మామ అనడం మానలేదు. కొత్తగా వచ్చిన ఉద్యోగులు ఆ బోడిమూతిని చూసి, ఆ పేరు విని, మా ఊరివాళ్ళ బుద్ధి మీద అనుమానపడేవారు.

మూడేళ్ళ తర్వాత అనుకుంటాను, యుద్ధానికి పోనన్నందుకు ఆ కుర్రాడి పట్టం ఊడబెరికారని పేపర్లో వచ్చింది. ఈసారి నేను నోరు తెరవడానికి ముందు డాక్టరమ్మను, హైస్కూలు ఇంగ్లీషు మాస్టారిని, ఆఖరికి బీడీవో గారిని కూడా అడిగి, ప్రతి మాటకూ అర్థం రాసుకుని పోయి, భయపడుతూ చదివాను. మామ అంతా విని ఒక్కటే అడిగాడు.

“రింగులో ఎవురన్నా కొట్టినారా?”

“లేదు మామా. కాగితాల మీద తీసేసినారు.”

“కొట్టకుండా ఎట్ట పోతాది అబ్బయా? వాడి కాడే ఉండాది,” అని లేచి, పడవలు వచ్చే వేళయిందని రేవు వైపు నడిచిపోయాడు. నా చేతిలో ముగ్గురు పెద్దలు సరిచూసిన తెలుగు ఉంది. ఒక్క మాట కూడా తప్పు లేదు. అయినా ఆ రోజు నేను వార్తను తప్పు చదివాననీ, మామే సరిగ్గా చదివాడనీ, జుట్టు నెరిసిన ఈ వయసులో కూడా నాకు గట్టి నమ్మకం.