చెరువు కట్ట మీద మేనత్తను ఎరగనన్నాను

ఆ రోజుల్లో, అంటే డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం మాత్రం రాని రోజుల్లో, మెల్లగా మాట్లాడటమే నాగరికత అని నాకొక గట్టి నమ్మకం ఉండేది. గద్వాలలో దాన్ని ఆచరించే వీల్లేదు. మెల్లగా పిలిస్తే ఆటో కూడా ఆగదు. అందుకే హైదరాబాదు శివార్లలో ఒక బడివాళ్లు టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకు రమ్మనగానే నా దశ తిరిగిందనుకున్నాను. ఆ దగ్గర్లోనే, చెరువు పక్క కాలనీలో, మా అక్క కొత్తగా అద్దెకు దిగింది. నన్నొక్కదాన్నే పంపడానికి అమ్మ ఒప్పుకోక, పాన్‌గల్ నుంచి మా మేనత్తను పిలిపించి తోడిచ్చింది. మేనత్తది వేరుశనగ సేద్యం. ఈ గట్టున నిలబడి ఆ గట్టున ఉన్న కూలీలను పిలిచీ పిలిచీ ఆమె గొంతు అలాగే స్థిరపడిపోయింది (గుసగుసలాడినా వీధి చివర వాళ్లు తలలు తిప్పేవారు).

ఆ కాలనీలో కుక్కలు కూడా అనుమతి తీసుకుని మొరిగేవేమో, అంత నిశ్శబ్దం. ఇంటర్వ్యూ ముందురోజు పొద్దున్నే ఇద్దరం చెరువు కట్ట మీద నడకకు వెళ్లాం. చెవుల్లో తీగలు పెట్టుకుని నడిచే ప్రతి మనిషినీ ఆపి మేనత్త ఏ ఊరని అడగడం మొదలుపెట్టింది. నేను ముందు రెండడుగులు, తర్వాత పదడుగులు దూరం జరిగాను. ఇంతలో ఆమె తీగ కంచె దాటి పూలమొక్కల మధ్యకు దిగిపోయింది. తోటమాలి కలుపనుకుని వదిలేసిన చోట పొన్నగంటి కూర దట్టంగా పెరిగి ఉంది. క్షణంలో కొంగు నిండా కోసేసింది. కాలనీ గేటు దగ్గరి వాచ్‌మన్ విజిల్ ఊదుతూ పరుగెత్తుకొచ్చాడు. అందరూ ఆగిపోయారు. "ఈమె మీ మనిషా అమ్మా?" అని సరిగ్గా నన్నే అడిగాడు.

నేను నా తెలుగంతా ఇస్త్రీ చేసి, "తెలియదండీ, ఎవరో" అన్నాను. అని ఆగకుండా చెరువు చుట్టూ నడక సాగించాను. వెనక నుంచి ఆమె గొంతు వినపడుతూనే ఉంది.

చుట్టు తిరిగి వచ్చేసరికి గేటు పక్కన బండ మీద వాళ్లిద్దరూ పాత చుట్టాల్లా కూర్చుని ఉన్నారు. వాచ్‌మన్‌ది కూడా పాన్‌గల్ పక్క వనపర్తి దిక్కేనట. ఆమె మాట వినగానే చేతిలో విజిల్ జేబులో వేసుకున్నాడట. నేను లోపలికి పోబోతే ఆపాడు. అక్క ఫ్లాటు నంబరు నాకు గుర్తులేదు, ఫోను ఇంట్లోనే మరిచాను. అప్పుడతను మేనత్త వైపు తిరిగి, "పెద్దమ్మా, ఈ పిల్ల నీకేమన్న ఎరికనా?" అన్నాడు.

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "యాడనో చూసిన మొకమే. ఎవరో తెల్వదు. కూర గిల్లనీకె వస్తదేమో అడుగు."

కట్ట మీద నడిచేవాళ్లంతా చూస్తుండగా ఆ కూరంతా నేనే గిల్లాను. ఆఖరి కాడ అయ్యాకే ఆమె లేచి, నన్ను వెంటబెట్టుకుని అక్క తలుపు దాకా తడుముకోకుండా నడిచింది.

మర్నాడు ఇంటర్వ్యూలో నేను ఎంత నాగరికంగా మాట్లాడానంటే, వెనక బెంచీ దాకా మీ గొంతు చేరదమ్మా అని పంపేశారు. తిరుగు బస్సులో, "అత్తా, నిన్న తప్పైంది" అన్నాను.

మొదటిసారి ఆమె గొంతు తగ్గింది. "నీ ఈడుల గద్వాల సంతల నేను మా అమ్మను ఎరగనన్న బిడ్డా. చెప్పుల్లేకుంట వచ్చె. నా పక్కన దోస్తులుండిరి. ఇంటికొచ్చినంక అమ్మ ఒక్క మాటనలే. నేను గూడ తప్పైందని చెప్పలే. నువ్వు నయం."

తర్వాత నా తల ఒళ్లోకి లాక్కుని నిద్రపోయింది. జడ్చర్ల దాటేదాకా నేను కదల్లేదు. తర్వాత చాలా ఏళ్లపాటు, కట్ట మీద మెడ నిక్కించి నడిచిపోయిన ఆ పిల్ల గుర్తొస్తే చెంప పగలగొట్టాలనిపించేది. ఇప్పుడలా లేదు. పాపం, ఎంత పరేషాన్ అయిందో, జర కూర్చో అని పక్కన చోటివ్వాలనిపిస్తుంది.