మాడిన కేకు

కంకిపాడులో ఎమ్మే చదివేటప్పుడు మా తొమ్మిదిమందికీ ఎకనామిక్స్ చెప్పిన మేడమ్ పీహెచ్‌డీ థీసిస్ రాస్తుండేవారు. ఆదివారం ఓవెన్లో కేకు పెట్టి, అది అయ్యేలోపు రాసుకునేవారు. సోమవారం ఆ కేకు క్లాసుకొచ్చేది. మాడితే రాత బాగా సాగినట్టు. మెత్తగా, బంగారు రంగులో ఉంటే, పాపం, కలం కదలక ఓవెన్ ముందే కాపలా కూర్చున్నట్టు.

గడువు దగ్గరపడే రోజుల్లో వరసగా ఆరు వారాలు అద్భుతమైన కేకులొచ్చాయి. మాకు ముక్క దిగలేదు.

ఏడో సోమవారం డబ్బా మూత తీస్తే బొగ్గే.

“చివరి చాప్టర్ అయిపోయిందర్రా. ఇది పారేసి, బెజవాడెళ్లి బిర్యానీ తిందాం పదండి,” అన్నారు.

మేం పారెయ్యనివ్వలేదు. బస్సులోనే పంచుకు తిన్నాం. హోటల్లో కూర్చుని నవ్వుకుంటుంటే అందరి పళ్లూ నల్లగా ఉన్నాయి, ఆవిడవి కూడా.