ఎండకి పొంగే ఏరు: తిరువూరు నుంచి తాజివాస్ మంచునది దాకా

కాశ్మీరు వెళ్ళాలన్న కోరిక నాది కాదు, వినగడప రాఘవయ్య బాబాయ్‌ది. డెబ్బైల నడుమ నేను తిరువూరు నుంచి ఢిల్లీకి మామిడికాయల లారీ తోలేవాణ్ణి. ఆయన తోట కాయ ఏటా నా బండిలోనే వెళ్ళేది. చుట్టరికం లేకపోయినా ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన్ని బాబాయ్ అనే పిలిచాను. ఆ ఏడు ఆయన మెట్ట చేలో మూడో బావి తవ్వించాడు. మొదటి రెండూ ఎండలు మొదలవకముందే అడుగంటేవి. మూడోదాంట్లో రాయి పడింది గానీ నీరు పడలేదు. నాలుగోది ఎక్కడ తవ్వాలా అని చేలో గుర్తు కూడా పెట్టుకుని ఉన్నాడు. లారీకి కాయ ఎత్తుతుండగా నా పక్కన కూర్చుని అడిగాడు.

"ఖాసిం, ఉత్తరాన ఎండాకాలంలో నిండే ఏళ్ళున్నాయంటారు. నిజమేనంటావా?"

"నిజమేనంట బాబాయ్. కొండల మీద మంచు కరిగి వస్తాయంట. నేనూ చూళ్ళేదు."

"మన కట్లేరు ఏట్లో ఇప్పుడు ఇసకలో చెలమ తీస్తే గాని బిందె నిండట్లేదు. ఎండకి నిండే ఏరంటే ఎట్టా ఉంటుందో ఒక్కసారి చూడాలిరా."

ఏదో మాటకి అన్నాడనుకున్నాను. లారీ బయల్దేరే వేళకి చేతిసంచీతో, రెండు దుప్పట్లతో వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

ఢిల్లీ మార్కెట్లో కాయ దింపేసి, తిరుగు లోడుతో బండిని రెండో డ్రైవరుకి అప్పజెప్పాను. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి జమ్మూ. అక్కడ శ్రీనగర్ బస్సులు పొద్దున్నే కదులుతాయి, చీకటి పడే వేళకి గాని చేరవు. నేను డ్రైవర్ని కదా, ఆ ఘాట్ రోడ్డు మీద మలుపు మలుపుకీ లేని బ్రేకుని నా కాలు తొక్కుతూనే ఉంది. బనిహాల్ సొరంగం దాటి లోయలోకి దిగాక, రోడ్డు పక్క కాలవల్లో పరుగెత్తే నీళ్ళని చూసి బాబాయ్ కిటికీ దగ్గర్నుంచి తల తిప్పలేదు.

శ్రీనగర్‌లో జీలం ఒడ్డున రసూల్ అనే పడవవాడు దొరికాడు. నలభై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు. పడవ తోలడమూ కొండలెక్కించడమూ రెండూ అతని పనే. మా తిరువూరు ఉర్దూ విని మొదట నవ్వాడు, తర్వాత అలవాటు పడ్డాడు. అందరూ మంచు చూడటానికి తిన్నగా బస్సులో సోనమర్గ్ వెళ్తారట. "ఏరు చూడాలనుకుంటే మాత్రం గాందర్‌బల్ దాకా పడవలో రండి, అక్కడ బస్సెక్కుదాం, ఆపైన నడక," అన్నాడు. పడవకీ మనిషికీ కలిపి రోజుకి ముప్పై రూపాయలకి ఒప్పుకున్నాడు. ఆ మాట తెలుగులో చెప్పగానే బాబాయ్ పంచె ఎగ్గట్టి పడవలోకి దిగాడు. ఆయనకి ఈత రాదు. ఆ సంగతి నాకూ గుర్తు రాలేదు.

అది అడుగు చదునుగా ఉండే సన్నటి పడవ. జీలంలో వాలుకి పోతున్నంతసేపూ ఆకులా ఉండే చిన్న తెడ్డు చాలింది. షాదీపూర్ దగ్గర సింధ్ అనే ఏరు వచ్చి కలుస్తుంది. అది మనం పుస్తకాల్లో చదివే సింధునది కాదు, వేరు. అక్కడి నుంచి ఎదురీత. రసూల్ తెడ్డు పక్కన పెట్టి పొడుగాటి గెడ పట్టాడు, నేను ముందు కూర్చుని తెడ్డు వేశాను. కొంతసేపటికే నా భుజాలు పట్టేశాయి. ఆ ఏటి నీరు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా ఉంది. బాబాయ్ చెయ్యి ముంచి వెంటనే తీసేశాడు.

"జ్యేష్ఠమాసంలో ఈ చలవేంట్రా," అన్నాడు.

గాందర్‌బల్‌లో రసూల్ బంధువుల ఇంట్లో పడుకుని, మర్నాడు పొద్దున బస్సులో సోనమర్గ్ చేరాం. అక్కడ కోట్లూ రబ్బరు బూట్లూ అద్దెకిస్తారు. తీసుకోండి, మొహమాటపడొద్దు. గుర్రాలు కూడా ఉన్నాయి గానీ బాబాయ్ నడుస్తానన్నాడు. గడ్డి మైదానం దాటి దేవదారు చెట్ల మధ్య నుంచి సుమారు రెండు గంటల దారి. అక్కడి పలచటి గాలికి ఆయన నాలుగడుగులకోసారి ఆగాల్సి వచ్చింది. రసూల్ తొందరపెట్టలేదు. దారిలో వంతెన లేని వాగు ఒకటి అడ్డం వచ్చింది. రాళ్ళ మీద కాళ్ళు వేసుకుంటూ తేలిగ్గానే దాటాం. అవతల ఒడ్డెక్కాక రసూల్ నాతో గట్టిగా చెప్పాడు: "పొద్దు నడినెత్తికి రాకముందే వెనక్కి దాటాలి. తర్వాత ఈ రాళ్ళు కనపడవు."

తాజివాస్ మంచునదిని చూసి మొదట నిరాశపడ్డాను. తెల్లగా మెరుస్తుందనుకున్నాను. దుమ్ము కొట్టుకుపోయిన పాత సున్నపు గోడ కొండ మీంచి జారి ఆగినట్టుంది. దగ్గరికి వెళ్తే పగుళ్ళ లోపల మైలుతుత్తం లాంటి నీలం రంగు. దాని కాళ్ళ దగ్గర గుహలాంటి నోటిలోంచి నీళ్ళు ధారగా వస్తున్నాయి. బాబాయ్ మంచు వంక కాసేపే చూశాడు. ఆ ధార ఒడ్డున కూర్చుని నీటి అంచున ఒక రాయి పెట్టాడు. ఎండ పెరిగేకొద్దీ రాయి తడిసింది, సగం మునిగింది, తర్వాత కనిపించకుండా పోయింది. ఆయన దాని పైన ఇంకొకటి పెట్టాడు.

"బాబాయ్, రసూల్ పోదామంటున్నాడు."

"ఉండరా. ఇదెంత దాకా వస్తుందో చూడనీ."

రసూల్ మూడుసార్లు పిలిచాడు. మూడోసారి నేనే చెయ్యి పట్టుకుని లేపాను. అప్పటికే ఆలస్యమైంది. వాగు దగ్గరికొచ్చేసరికి రాళ్ళు లేవు, బురద రంగు నీరు చప్పుడు చేసుకుంటూ పోతోంది. రసూల్ మొహం ఎర్రబడింది. తన వల్లే అని బాబాయ్‌కి తెలుసు. ఎలా దాటాలా అని నేనూ రసూలూ మాట్లాడుకుంటుండగానే, "మోకాలి లోతేగా," అంటూ దిగేశాడు. రెండో అడుగులో కాలు జారింది. నడుము దాకా మునిగి పక్కకి కొట్టుకుపోయాడు. ముందు నాకు దొరికింది ఆయన కోటు కాలరు. రసూల్ నీళ్ళలోకి దూకి రెండు చంకల కింద చేతులు వేసి ఎత్తాడు. ఇద్దరం ఒడ్డుకి లాగాం. ఒక బూటు పోయింది. ఆయన పెదాలు నల్లబడ్డాయి. ఈ మనిషిని ఊళ్ళో ఉన్న పిన్నికి ఏమని అప్పజెప్పాలి అన్న ఆలోచన తప్ప నాకింకేమీ తోచలేదు.

మా అదృష్టం, మేమున్న ఒడ్డునే గొర్రెల కాపర్ల రాతి గుడిసె ఉంది. ఆ ఇంటావిడ మమ్మల్ని లోపలికి పిలిచింది. పొయ్యి దగ్గర చోటిచ్చి, తడి బట్టలు విప్పించి గొంగళ్ళు కప్పింది, మొక్కజొన్న రొట్టె, ఉప్పు వేసిన టీ ఇచ్చింది. వణుకు తగ్గాక బాబాయ్ రసూల్ చెయ్యి పట్టుకున్నాడు.

"నీ మాట వినలేదయ్యా. నా మూలంగా నువ్వూ నీళ్ళలో దూకావు," అన్నాడు. నేను ఉర్దూలో చెప్పాను.

"చెప్పు ఆయనకి," అన్నాడు రసూల్, "ఇక్కడికి అందరూ మంచు చూడటానికి వస్తారు. నీళ్ళు చూడటానికి వచ్చినవాణ్ణి ఈయన్నే చూశాను. నేను ఇంకా ముందే లేపాల్సింది."

ఆ రాత్రికి అక్కడే ఉండిపోయాం. మర్నాడు పొద్దున వాగు సగానికి పైగా తగ్గిపోయింది. రాళ్ళు మళ్ళీ తేలాయి. రాత్రంతా చలికి మంచు కరగదు కాబట్టి పొద్దున్నే నీరు తక్కువ. బాబాయ్ ఒక కాలికి బూటు, ఇంకో కాలికి గోనెపట్టా కట్టుకుని మా ఇద్దరి మధ్యా దాటాడు. అవతల ఒడ్డున నిలబడి అన్నాడు:

"చలికాలంలో పడ్డదాన్ని ఆ కొండ దాచిపెట్టుకుని ఎండాకాలంలో ఇస్తోందిరా. మన నేల మీద పొద్దున పడ్డ వాన మధ్యాహ్నానికి కట్లేట్లో ఉంటోంది. దాచకుండా ఎన్ని బావులు తవ్వితే ఏం లాభం?"

ఇంటికొచ్చాక ఆయన నాలుగో బావి తవ్వించలేదు. చేలో పల్లం మూల పూడిపోయిన పాత కుంటని కూలీలతో పాటు తనూ దిగి లోతు చేయించాడు, గట్టు పోయించాడు. నలుగురూ నవ్వారు. రెండు వానాకాలాలు గడిచాక కుంట దగ్గరున్న మొదటి బావిలో నీరు ఉగాది దాటేదాకా నిలిచింది. బావి ఎప్పుడూ నిండుగా ఉండింది లేదు, కానీ తోటలో కొత్తగా నాటిన మొక్కలు బతికాయి. బాబాయ్ పోయి చాలా ఏళ్ళయింది. ఆ చెట్ల కాయ మాత్రం నేను లారీ మానేసేదాకా మోశాను. ఎన్నో ఊళ్ళు తిరిగాను గానీ, ఒక ప్రయాణం మనిషి చేత పలుగూ పారా పట్టించడం నేను చూసింది అదొక్కసారే.

ఇప్పుడు వెళ్ళేవాళ్ళకి దారులూ ధరలూ అన్నీ మారి ఉంటాయి, అవి అక్కడే కనుక్కోండి. ఒక్కటి మాత్రం మారదు. మంచు కరిగి వచ్చే వాగుని పొద్దున్నే దాటండి, ఎండ ముదరకముందే తిరిగొచ్చేయండి. గైడు లేవమన్నప్పుడు, ఎంత బాగున్నా సరే, లేవండి.