పైపుకు కట్టిన నిమ్మకాయ

కోరుట్లలో నేను మట్టి తవ్వే పొక్లెయిన్ నడిపే రోజుల్లో దాని ఓనరు రోజూ పొద్దున్నే చెకింగ్‌కు వచ్చేవాడు. తెల్లచొక్కాకు మరక అంటకుండా దూరంగా నిలబడి, చేయి చాచి, కారు తాళంచెవితో బకెట్ మీద టక్‌టక్‌మని కొట్టేవాడు, సంతలో కుండ బేరమాడేవాడిలా.

"బండి గట్టిగున్నది, నడుపు" అనేవాడు. ఆయన తనిఖీ అంతే. గ్రీజు పెట్టారా, ఆయిల్ ఎంతుంది అని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

ఒకరోజు బకెట్‌ను ఎత్తే ఆయిల్ పైపు చిట్లి కారుతుంటే చూపించాను.

"పటేలా, పైపు మార్చాలె. పగిలితే బకెట్ దబ్బున కిందవడ్తది."

"దిష్టి తగిలిందిరా" అన్నాడు. ఆ వారమే బండికి కొత్త రంగు వేయించాడు మరి! నిమ్మకాయ, మిరపకాయలు తెప్పించి, చిట్లిన చోటే నల్లదారంతో కట్టించి దండం పెట్టాడు. "ఇగ ఏం గాదు."

భక్తి నాకూ ఉంది. స్పానర్ పట్టాల్సిన చోట దండం పెట్టేవాణ్ణి చూస్తేనే ఒళ్లు మండుతుంది.

రాయికల్ దగ్గర కాలువ పూడిక తీస్తుండగా ఆ పైపు పగిలింది. ఎత్తిన బకెట్ ఒక్కసారిగా గట్టు మీద కూలింది. అక్కడ అన్నం తింటున్న కూలి అవ్వ అప్పుడే నీళ్లకని లేచి వెళ్లింది. ఆమె సద్దిగిన్నె రేకులా అణిగిపోయింది.

ఓనరు వచ్చాడు. అవ్వ వైపు చూడనైనా లేదు. నూనెలో తడిసిన దారాన్ని తాళంచెవితో లేపి చూసి, నా మీద కళ్లెర్రజేశాడు.

"నిమ్మకాయ ఎండిపోయింది గదరా! ఎందుకు మార్చలే?"