తోకకిచ్చిన మొగ్గు

"ఆదివారం విమానం నువ్వే పట్టాలె. ఇంకొకలు పడితె నాకు నమ్మకం లేదు" అన్నాడు మా ఆయన.

"పడ్త తియ్. ముందుగాల చాయ్ తాగు, మీగడ కడుతున్నది" అన్నాను.

మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు. చాయ్ తాగి బాలానగర్‌లో తను పనిచేసే లేత్ షెడ్డుకు పోయాడు. మధ్యాహ్నం మిషన్ దగ్గరే గుండె ఆగిపోయింది. నాకు సంతకం తప్ప రాయడం రాదు, మా అక్క బిడ్డతో రాయిస్తున్నాను. ఆ సంగతి అంతవరకే చాలు బిడ్డా. విమానం సంగతి రాయి, అది నవ్వుకునే సంగతి.

అంతకు నాలుగైదేళ్ల ముందు, మాదాపూర్‌లో గుండ్రటి బిల్డింగు లేస్తున్న రోజులు. షెడ్డుకు పని మీద వచ్చే ఒక సారు ఊరు మారుతూ బొమ్మ విమానం ఎగరేసే తన పాత రిమోటూ, చిన్న ఇంజనూ ఈయన చేతిలో పెట్టాడు. ఏడాది పాటు ఆదివారాలన్నీ కూర్చుని, తేలిక కర్రతో ఈయన విమానం చేశాడు. ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు నా బారంత.

ఎగరేసే ముందు తూకం చూడాలట. సారు పోయే ముందు చెప్పిన లెక్క ప్రకారం ఈయన రెక్కల కింద రెండు గీతలు గీశాడు. ఆ గీతల మీద వేళ్లు ఆనించి ఎత్తితే విమానం సమంగా నిలవాలి. ముక్కు కొంచెం వంగినా పరవాలేదు, తోక మాత్రం వంగకూడదు. ఎత్తి పట్టడం నా పని. నేను కూరగాయలు అమ్మేదాన్ని, పొద్దున లేస్తే చేతిలో తరాజే. ఈయనకు చత్వారం. ముక్కులో సీసం ముక్కలు కూరుతూ అడిగాడు:

"సరిపోయిందా?"

"సరిపోయింది."

రాయదుర్గం బండల పక్క మైదానంలో వదిలితే, విమానం ముక్కు ఆకాశానికెత్తి, అటూ ఇటూ ఊగి, ముళ్లపొదలో పడింది. పక్కన బిల్డింగు పనివాళ్లు అన్నం తింటున్నారు.

"అన్నా, నీ కోడి ఎగురుతలేదే!" అని ఒకడు అరిచాడు.

ఈయన నవ్వలేదు. "నా చేతుల్నే తప్పున్నది. ఇంకొక్కసారి చూస్త. మళ్ల పడితె రిమోటు ఎవరికన్న ఇచ్చేస్త" అన్నాడు. రెండు రోజులు అన్నం కెలికి లేచాడు.

మూడోనాడు అడ్డా మీద టమాటాలు తూస్తున్నాను. "జర మొగ్గుగ తూకవ్వా" అన్నదొక ఆమె. రాళ్ల తట్ట పైకి, టమాటాల తట్ట ఒక వెంట్రుకంత కిందికి. నా నోరు అలవాటుగా "సరిపోయింది" అన్నది. విమానం పట్టినప్పుడూ ఇదే మాట అన్నాను. సీసం ముక్కుకు పడుతుంటే నాకు అది రాళ్ల తట్ట అయిపోయింది. తోకను కొనే గిరాకి అనుకుని దానికి మొగ్గు ఇచ్చేశాను!

గంప పక్కామెకు అప్పజెప్పి షెడ్డుకు ఉరికాను.

"నీ చేతుల తప్పు లేదు. నేనే పడగొట్టిన" అని చెప్పాను.

మొత్తం విని, నవ్వీ నవ్వీ కింద కూలబడ్డాడు. "బస్తీ అంతటికి కొసరిచ్చి కొసరిచ్చి, ఆఖరికి తోకకు గూడ ఇచ్చినవా!"

విరిగిన రెక్క అతికించి మళ్లీ నా వేళ్ల మీద పెట్టాడు. "యాదుంచుకో, ఇప్పుడు ముక్కే గిరాకి" అన్నాడు. ముక్కు ఒక వెంట్రుకంత వంగేదాకా నేను "సరిపోయింది" అనలేదు.

ఆదివారం మళ్లీ అదే మైదానం. ఇంజన్ రయ్యిమంది. విమానం నేల మీద ఉరికి ఉరికి లేచింది. ఊగలేదు. బండల మీదుగా తిరిగి మా నెత్తి మీదికి వచ్చింది.

"పడ్తలేదే! చూడు, పడ్తలేదే!" అని అరుస్తున్నాడు, కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. బిల్డింగు మీది నుంచి పనివాళ్లు ఈలలు. నేను కొంగు నడుముకు చుట్టి దాని వెంట పరుగెత్తాను, ఎందుకో నాకే తెలియదు.

ఆ రిమోటు ఎవరికీ ఇవ్వలేదు.

ఇగ చాలు బిడ్డా. రాసింది ఒకసారి చదివి వినిపించు. మొదటి నుంచి వద్దు, విమానం లేచిన కాడ నుంచి చదువు.